ఆమెకు వినబడుతుందని నేనే చెప్పాను

2012 వేసవి. నేను ఆడియాలజిస్టుగా పని మొదలుపెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఒక ఈఎన్‌టీ క్లినిక్, మొదటి అంతస్తులో వెనకవైపు నా గది. ఆడియాలజిస్టు అంటే చెవి డాక్టరు కాదు. చెవి ఎంత వింటోందో కొలిచి చెప్పే మనిషి. గొంతు సమస్యలకు, మాట సమస్యలకు సాధన చేయించేదీ మేమే. మా నాన్న రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అందుకని తెలుగువాళ్లు ఎవరొచ్చినా రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి "భారతీ మేడమ్ కే పాస్ జాయియే, ఆప్ కీ హీ భాషా హై", ఆవిడదీ మీ భాషే, అని నా దగ్గరికి పంపేసేది. సింహాచలం, పైడమ్మ అలాగే వచ్చారు. ఇవి వాళ్ల అసలు పేర్లు కావు.

అతనికి నలభై రెండేళ్లుంటాయి. ఆర్మీలో పనిచేసి వచ్చాక, బ్యాంకులకు డబ్బు చేరవేసే వ్యాన్లకు గన్‌మన్‌గా ఒక ఏజెన్సీలో చేరాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాడు. పైడమ్మ అతనికంటే పదేళ్లు చిన్నది. ఆమె పేరు అడిగితే అతను చెప్పాడు. వయసు అడిగితే అతను చెప్పాడు. "ఎన్నాళ్లుగా వినబడటం లేదమ్మా?" అని ఆమె వైపే చూస్తూ అడిగాను. అదీ అతనే చెప్పాడు.

"నాలుగు నెలలయింది మేడమ్. పిలిస్తే పలకదు. పక్కనే నిలబడి అరిస్తే అప్పుడు చూస్తాది. నాకొకటే తేల్చండి. నిజంగా ఇనబడటం లేదా, నాటకమా?"

ఆ ప్రశ్న నాకు వింతగా అనిపించలేదు. అలా అడిగేవాళ్లను చాలామందిని చూశాను. వికలాంగుల సర్టిఫికెట్ కోసం చెవుడు నటించేవాళ్లు నెలకు ఒకరిద్దరైనా వచ్చేవారు. వాళ్లను పట్టుకోవడంలో నాకు పేరుండేది, కొంచెం గర్వం కూడా ఉండేది.

మా క్లినిక్ ఈఎన్‌టీ డాక్టర్ తివారీ అప్పటికే ఆమె చెవులు చూసి చీటీ రాశారు. ఎడమ కర్ణభేరికి చిల్లు, అంచులు చిరిగినట్టున్నాయి, దెబ్బ కావచ్చు అని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు. నేను ఆ మాట అడిగితే సింహాచలం వెంటనే అందుకున్నాడు. "పిన్నీసు పెట్టి గెలుక్కుంటాది మేడమ్. వొద్దన్నా ఇనదు." పైడమ్మ తన ఒళ్లో చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది.

నా గదిలో సగం ఒక బూత్ ఉంటుంది. బయటి చప్పుడు చొరబడని చిన్న గది అది. మందపాటి తలుపు, ఒక గాజు కిటికీ. పేషెంటు లోపల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. నా చేతులు కనబడితే ఎప్పుడు మీట నొక్కుతున్నానో ఊహించేస్తారు కాబట్టి, కిటికీకి దాదాపు వీపు పెట్టి కూర్చోబెడతాను. నేను బయట మైకులో మాట్లాడితే వాళ్లకు వినిపిస్తుంది. వాళ్లు లోపల అన్నది నా హెడ్‌ఫోన్లలో నాకొక్కదానికే వినిపిస్తుంది. ఫ్యాను చప్పుడు చేస్తుందని లోపల ఫ్యాను కూడా పెట్టం. రాయ్‌పూర్ మే నెలలో అందులో పది నిమిషాలు కూర్చుంటే చీర తడిసిపోతుంది. అయినా పైడమ్మ విసుక్కోలేదు. తలుపు వేస్తుంటే ఆమె భుజాలు కిందికి దిగడం చూశాను. ఊపిరి పీల్చుకున్నట్టు. ఆ సంగతి నాకు చాలా తర్వాత గుర్తొచ్చింది.

మొదట ప్యూర్ టోన్ పరీక్ష. సన్నని శబ్దాలు పెంచుతూ, తగ్గిస్తూ వినిపిస్తాం. వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. ఆమె రెండు చెవుల్లోనూ చాలా పెద్ద శబ్దాలకు గానీ నొక్కలేదు. ఆ లెక్కన గదిలో మామూలుగా మాట్లాడితే ఒక్క ముక్క అందకూడదు. తర్వాత స్పీచ్ పరీక్ష. మైకులో అమ్మ, ఇల్లు, బడి లాంటి మాటలు చిన్న గొంతుతో చదువుతాం, వాళ్లు తిరిగి చెప్పాలి. మా దగ్గర ఉన్నవి హిందీ జాబితాలే. తెలుగువాళ్ల కోసం నేనే ఒక జాబితా రాసుకున్నాను. కుడి చెవిలో చాలా తగ్గించిన గొంతుతో, ఎడమ చెవిలో కాస్త పెంచి చదివినా పైడమ్మ ఒకటి రెండు మాటలు తిరిగి చెప్పేసింది. వెంటనే తడబడి ఆగిపోయింది.

రెండు ఫలితాలూ కలవలేదు. కలవకపోతే నటన అని మాకు నేర్పిన మొదటి పాఠం.

బూత్ తలుపు తీశాను. ఆమె బయటికి వచ్చింది. ఆమె ఎదుటే, అతనితో చెప్పాను. "ఎడమ చెవిలో కొద్దిగా తగ్గింది. కుడి చెవి బాగానే ఉంది. ఈమెకు వినబడుతుంది. కావాలనే పలకడం లేదు."

సింహాచలం నవ్వాడు. చాలా మర్యాదగా లేచి నాకు దండం పెట్టాడు. "థ్యాంక్స్ మేడమ్. నా అనుమానం అదే." నేను గీసిన ఆడియోగ్రామ్, అంటే వినికిడి గ్రాఫు, బల్ల మీద ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పైడమ్మ నా వైపు ఒకసారి చూసింది. దొరికిపోయినవాళ్లు సిగ్గుపడతారు, లేకపోతే కోప్పడతారు. ఆమె ముఖంలో ఆ రెండూ లేవు. ఆమె అతని చొక్కా జేబు వైపు చూస్తోంది.

మూడు వారాలు గడిచాయి. వానలు మొదలయ్యాయి. ఒక సోమవారం పొద్దున వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. ఈసారి అతను యూనిఫాంలో ఉన్నాడు. భుజానికి క్యాన్వాస్ సంచీలో తుపాకీ. మధ్యాహ్నం డ్యూటీ ఉందట, ఇటునుంచి ఇటే వెళ్తానన్నాడు. రిసెప్షన్లో అమ్మాయి అది కింద పెట్టి రమ్మంటే ఒప్పుకోలేదు.

"ఏజెన్సీది కాదు మేడమ్, నా సొంతం. డబల్ బ్యారెల్. లైసెన్సు నా పేరునే ఉంది. తుపాకీ ఉన్నోడికే ఈ ఉద్యోగం ఇస్తారు. రోజూ ఇంటికి తీసుకుపోతాను." మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, గొట్టాల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. "ఇప్పుడు దీనికి గొంతు పోయింది. ఇదీ నాటకమో కాదో సూడండి."

పైడమ్మ ఆ ఉక్కపోతలో కొంగు మెడ చుట్టూ తిప్పి కప్పుకుని ఉంది. "ఏమయిందమ్మా?" అంటే గాలి తప్ప గొంతు రాలేదు. కుడి కంటి తెల్లగుడ్డులో ఒక మూల చిక్కటి ఎర్రమచ్చ.

డాక్టర్ తివారీ అద్దం పెట్టి గొంతు చూశారు. స్వరపేటిక దగ్గర వాపు. నాతో పక్కకు వచ్చి మెల్లగా అన్నారు. "జలుబుకి ఇలా వాయదు భారతీ. కొంగు తియ్యమన్నాను, తియ్యలేదు. లేకిన్ ఘర్ కా మామ్‌లా హై, వాళ్ల ఇంటి గొడవ. మనం చెవి, గొంతు చూసేవాళ్లం."

  మూడు వారాల కింద నేను అతని చేతికి ఏమిచ్చానో అప్పుడు అర్థమవడం మొదలైంది. అయినా ఇంకా అనుమానమే. నేను ఎక్కువగా ఊహించుకుంటున్నానేమో. నిజంగానే జలుబేమో.

కర్ణభేరి చిల్లు పూడిందో లేదో చూడాలి, మళ్లీ వినికిడి పరీక్ష చెయ్యాలి అన్నాను. "నేనూ ఉంటాను," అన్నాడు సింహాచలం. వద్దంటే అనుమానిస్తాడు. సరేనన్నాను. పైడమ్మ బూత్ లోపలికి వెళ్లింది. అతను నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నా ప్రతి మాటా అతనికి వినబడుతుంది. ఆమె మాట నాకు మాత్రమే.

జాబితా తీశాను.

"అమ్మ," అన్నాను మైకులో.

"అమ్మ," అంది ఆమె. బొంగురు గుసగుస.

"బడి."

"బడి."

"ఇల్లు."

ఈసారి ఆమె ఇల్లు అనలేదు.  "అమ్మా, మెడ పిసికీసినాడు. నాకు ఇనబడతాదని నువ్వు సెప్పినావు గదా, ఆ రోజొకసారి, నాలుగ్రోజుల కింద మళ్లీ."

నా పెన్ను కాగితం మీద ఆగిపోయింది. సింహాచలం నా వైపు చూస్తున్నాడు. పెన్ను కదిపి, ఇల్లు అన్న మాట ఎదురుగా ఒక ఇంటూ గుర్తు పెట్టాను.

"పాలు," అన్నాను.

"కళ్లు బైర్లు కమ్మీసినాయి. సచ్చిపోనాననుకున్నాను."

"కాకి."

"సంక్రేంతి ముందు కొట్టినప్పుడు ఈ సెవి పోయింది. అప్పట్నుంచి ఏటీ ఇనబడనట్టే ఉన్నాను. ఇనబడకపోతే ఎవరితో మాటాడినావు, ఎక్కడికెల్లినావు అని అడగడం మానీసినాడు. నా ముందరే ఫోన్లు మాటాడీవోడు."

"గొడుగు."

"మా అక్క కాడికి ఎల్లిపోతానన్నాను. మొన్న ఆళ్ల తమ్ముడితో అంతన్నాడు, తుపాకీ తుడుస్తుంటే పేలిపోనాదంటే ఎవడడుగుతాడ్రా అని. నాకు ఇనబడతాదని తెలిసే అన్నాడు. నా మొకం సూస్తా అన్నాడు."

జాబితాలో తర్వాతి మాట మామూలు గొంతుతోనే చదివాను. "పలక."

"ఎవలికీ సెప్పకమ్మా. సెప్పినావని తెలిస్తే ఈ రాత్రికే అయిపోద్ది."

"ఏమంటంది?" అన్నాడు సింహాచలం.

"సగం మాటలు తప్పుతోంది," అన్నాను. తొమ్మిదేళ్లలో ఒక పరీక్ష గురించి నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

ఆ క్షణంలో తుపాకీ నా మోచేతికి రెండడుగుల దూరంలో ఉంది. అది లోడ్ చేసి ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఆమెను పక్కకు తీసుకెళ్తే అతను వస్తాడు. పోలీసులకు ఫోను చేస్తే వాళ్లు వచ్చేలోపు అతను ఆమెను తీసుకుని వెళ్లిపోతాడు. నా దగ్గర మిగిలింది అతని అనుమానం ఒక్కటే. దాన్నే వాడాలనుకున్నాను.

"ఫలితాలు కలవడం లేదు. బెరా చెయ్యాలి," అన్నాను.

"అదేటి?"

"తలకి తీగలు అంటించి, చెవిలో శబ్దం వినిపించి, మెదడు పలుకుతుందో లేదో యంత్రంతో చూస్తాం. మనిషి ఏమీ చెప్పక్కర్లేదు. నిద్రపోతున్నా తెలిసిపోతుంది."

"మొన్న మీరే అన్నారు గదా, బాగానే ఇనబడతాదని?"

"పొరబడ్డానేమో. పాత పరీక్షలో నటించొచ్చు. ఇందులో కుదరదు. మీకు కావలసింది అదే కదా, ఖాయంగా తేలడం?"

అతను నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేనూ చూపు తిప్పుకోలేదు. చివరికి అడిగాడు. "ఎప్పుడు?"

"రేపు పదకొండింటికి. రెండు గంటలు పడుతుంది. తలకి నూనె రాయకూడదు. గదిలో పేషెంటు తప్ప ఎవరూ ఉండకూడదు." ఆగి, ఇంకోటి అన్నాను. "రేపటిదాకా తలకి, మెడకి చిన్న దెబ్బ కూడా తగలకూడదు. తగిలితే ఫలితం తప్పొస్తుంది."

అది పచ్చి అబద్ధం. అనగానే, అనవలసింది కాదని కూడా అనిపించింది. నాకు తెలుసని అతనికి చెప్పినట్టే. సింహాచలం సంచీ భుజానికి తగిలించుకుంటూ, "జాగ్రత్తగానే సూసుకుంటాను మేడమ్," అన్నాడు. అతని ముఖంలో ఏమీ కనబడలేదు.

వాళ్లు వెళ్లగానే డాక్టర్ తివారీ దగ్గరికి వెళ్లి బూత్‌లో విన్నదంతా చెప్పాను. ఘర్ కా మామ్‌లా అన్న మాట ఆయన మళ్లీ అనలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత కాగితం తీసుకుని చిరిగిన కర్ణభేరి, కంట్లో నెత్తురు మచ్చ, స్వరపేటిక వాపు, అన్నీ వరసగా రాసి సంతకం పెట్టారు. మెడ మీద గుర్తులకు చోటు ఖాళీ వదిలారు. రేపు ఆమె ఒప్పుకుంటే చూసి రాస్తానన్నారు.

నాకు ఒకావిడ తెలుసు. సాహూ మేడమ్. గృహహింస చట్టం కింద జిల్లాలో ప్రొటెక్షన్ ఆఫీసర్‌గా పనిచేసేది. దెబ్బలు తిన్న ఆడవాళ్ల తరఫున రిపోర్టు రాసి కోర్టుకు పంపడం, వాళ్లకు ఆశ్రయం చూపించడం ఆమె ఉద్యోగం. వినికిడి శిబిరాల్లో ఒకటి రెండుసార్లు కలిశాం. ఫోను చేశాను. నేను చెవి గురించి మొదలుపెట్టాను. ఆమె మధ్యలో ఆపి హిందీలో అడిగింది. "బందూక్ కహాఁ హై?" తుపాకీ ఎక్కడుంది? అదే ఆమె మొదటి ప్రశ్న. రెండోది, గొంతు నులిమాడా? మూడోది, చంపుతానని నోటితో అన్నాడా? నాలుగోది, ఆమె వెళ్లిపోవాలనుకుంటున్నట్టు అతనికి తెలుసా?

తుపాకీ రోజూ ఇంట్లోనే ఉంటుందన్నాను. మిగతా మూడింటికీ అవుననే చెప్పాను.

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. "చెంపదెబ్బలతో ఆగే ఇల్లయితే ఆలోచించుకుని వెళ్లడానికి నాకు టైం ఉంటుంది భారతీ జీ. గొంతు నులిమే ఇంట్లో తుపాకీ కూడా ఉంటే, ఆమె బయటికి అడుగు పెట్టే రోజే అన్నిటికంటే ప్రమాదం. ముందు తుపాకీ. ఆ తర్వాతే ఆమె. ఆమె ఒప్పుకోకుండా ఈ రాత్రి పోలీసుల్ని పంపలేను, రేపు పదకొండుకు ముందే మీ గదికి వస్తాను."

ఆ రోజు ఇంటికి వెళ్లి వంట చేశాను, పిల్లల హోంవర్క్ చూశాను. ఏం చేశానో ఒక్కటీ గుర్తులేదు. రేపు పదకొండింటికి వాళ్లు వస్తారా? వస్తే ఇద్దరూ వస్తారా?

పదకొండుకు ఐదు నిమిషాల ముందు వచ్చారు. అతను ఈసారి యూనిఫాంలో లేడు, మామూలు ప్యాంటు చొక్కాలో ఉన్నాడు. సెలవు పెట్టానన్నాడు. భుజానికి సంచీ లేదు.

పైడమ్మను లోపలికి తీసుకుని గడియ పెట్టాను. సాహూ మేడమ్ అప్పటికే బెరా గదిలో మామూలు నూలుచీరలో స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె ఎవరో చెప్పగానే పైడమ్మ తలుపు వైపు నడిచింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"పోలీసులొస్తే ఆడు సీదా ఇంటికెల్లి అది తీస్తాడమ్మా. మీకు తెలీదు."

నేను హిందీలోకి మార్చి చెప్పాను. సాహూ మేడమ్ తల ఊపింది. "అందుకే అది ముందు తీయిస్తాం. ఆమె సరేనంటేనే. వద్దంటే నేను ఇలాగే లేచి వెళ్లిపోతాను, నేనొచ్చినట్టు ఎవరికీ తెలియదు. అడుగు."

అడిగాను. పైడమ్మ పరుపు అంచున కూర్చుంది. తర్వాత మెడ చుట్టూ ఉన్న కొంగు తనే తీసింది. గొంతుకు ఒక పక్క బొటనవేలంత, ఇంకో పక్క వరసగా నాలుగు మచ్చలు, పసుపు, ఊదా కలిసిన రంగులో. "ఎల్లి డాక్టరు గారిని రమ్మనండి," అంది.

డాక్టర్ తివారీ వెనక తలుపు నుంచి వచ్చి చూసి ఖాళీ నింపారు. సాహూ మేడమ్ కాగితం ఫోటో తీసుకుని ఠాణాకు ఫోను చేసింది. లైసెన్సు ఉన్న మనిషి తుపాకీ మేమెలా తీసుకుంటాం అని అవతలి ఆఫీసరు అంటున్నట్టున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. బెదిరింపు మాటలు, మెడ మీద గుర్తులు మళ్లీ మళ్లీ చెప్పింది. "రేపు ఏదైనా అయితే నేను మీకు ఎన్ని గంటలకు ఫోను చేశానో నా రిపోర్టులో ఉంటుంది," అంది చివరికి.

మనుషులు రావడానికి గంట పడుతుందన్నారు. నేను పైడమ్మ తలకు తీగలు అంటించాను. ఎలాగూ చెయ్యాలి, యంత్రం చప్పుడు బయటున్న అతనికి వినబడాలి. యంత్రం టకటకమని మొదలైంది. తెర మీద కుడి చెవి గీతలు చక్కగా లేచాయి. ఎడమవి కాస్త ఆలస్యంగా. నలభై నిమిషాల్లో పరీక్ష పూర్తయింది. యంత్రం ఆపలేదు.

తలుపు మీద చప్పుడు. గడియ తీసి సగం తెరిచాను.

"ఇంకెంతసేపు?"

"ఎడమ చెవి నడుస్తోంది."

"పడుకుందా?"

"ఇప్పుడే కన్ను మూతపడింది. మీరు తలుపు కొడితే మళ్లీ మొదటినుంచి చెయ్యాలి."

అతను నా భుజం మీదుగా లోపలికి చూశాడు. సాహూ మేడమ్ మా వైపు వీపు పెట్టి తీగలు చుడుతోంది. "ఆవిడెవరు? ఎవరూ ఉండకూడదన్నారు గదా?"

"యంత్రం చూసే ఆవిడ. తీగలు పెట్టడానికి రెండో మనిషి కావాలి."

"మనోళ్లేనా?"

"కాదు. ఇక్కడి ఆవిడే."

నమ్మాడో లేదో తెలియలేదు. అతను అక్కడే నిలబడ్డాడు. నేను మెల్లగా తలుపు వేశాను. మళ్లీ అడుగుల చప్పుడు వినబడేదాకా గడియ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మంచం మీద పైడమ్మ కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

మరో అరగంటకు ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్లతో వచ్చాడు. మేం లోపలినుంచి వింటున్నాం. భార్య ఊసు ఎత్తలేదు. ఆయుధం, లైసెన్సు తనిఖీ ఉంది, ఇంటికి పదండి అన్నారంతే. సింహాచలం గొంతులో భయం లేదు. "కాగజ్ సబ్ బరాబర్ హై సాబ్," అన్నాడు గట్టిగా, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయని. వెళ్తూ వెళ్తూ రిసెప్షన్లో అమ్మాయితో, "పరీక్ష అయిపోతే ఇక్కడే కూర్చోమనండి. నేనొచ్చి తీసుకెళ్తాను," అని చెప్పాడట. మెట్ల దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి చూశాడట.

అతని ఇల్లు తెలీబంధా దాటాక ఒక సందులో రెండు గదులు. తుపాకీ ఎప్పుడూ ఇనప బీరువాలో ఖాళీ చేసి తాళం వేస్తానని దారిలో చెప్పాడట. బీరువాలో లేదు. మంచం కింద, ఆమె పడుకునే వైపు ఉంది. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి. పక్కన తుడిచే గుడ్డ, నూనె సీసా. దొంగల భయానికి పెట్టుకున్నానన్నాడు. తుడుద్దామని తీశానని కూడా అన్నాడు. సాహూ మేడమ్ సాయంత్రం నాకు ఫోనులో ఈ సంగతి చెప్పింది.

తుపాకీ ఠాణాలో జమ అయింది. పైడమ్మ ఆ మధ్యాహ్నమే వెనక మెట్ల మీదుగా సాహూ మేడమ్ జీపులో ఆశ్రయ గృహానికి వెళ్లింది. కొన్ని వారాలకు కలెక్టరాఫీసు నుంచి అతని లైసెన్సు సస్పెండయింది, తర్వాత రద్దయింది. ఆమె దగ్గరికి వెళ్లకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కేసు మాత్రం చాలాకాలం నడిచింది. అతను శిక్ష పడకుండానే బయటపడ్డాడు. విడాకులయ్యాయి. ఊరికి వెళ్లిపోయాడని విన్నాను. వెళ్లేముందు ఒకరోజు మా క్లినిక్ ఎదురుగా రోడ్డు అవతల నిలబడి ఉండగా చూశాను.  గంటసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాదిపాటు నేను స్కూటీ తీసే ముందు రోడ్డుకు రెండు వైపులా చూసుకునేదాన్ని.

నిజంగా కాల్చేవాడా? నాకు తెలియదు. బెదిరించి ఊరుకునేవాడేనేమో. ఈ ప్రశ్న సాహూ మేడమ్‌ను అడిగితే ఆమె చిరాకు పడింది. "అది తెలుసుకోవడానికి ఒకటే దారి. ఆ దారి నాకొద్దు."

పైడమ్మ ఆశ్రయ గృహంలో ఉన్నన్నాళ్లు గొంతు సాధన కోసం నా దగ్గరికి వచ్చేది. కర్ణభేరి దానంతటదే పూడింది. గొంతు వచ్చింది గానీ పూర్తిగా కాదు, పై స్థాయిలో ఇప్పటికీ చీరినట్టు వస్తుంది. చివరిరోజు నేను తనకు క్షమాపణ చెప్పాను. మొదటిసారి అతని ముందు అలా చెప్పి ఉండకూడదని. తను ఊరుకో అనలేదు, పర్లేదు అనీ అనలేదు. "మీరు నన్నొక మాట అడగవలసింది," అంది. ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో అక్క దగ్గర ఉంటూ ఒక స్కూలు వంటగదిలో పనిచేస్తోంది.

ఆ కేసు నాకు నేర్పింది చెవి గురించి కాదు. ఆ రోజు నా లెక్క తప్పలేదు. ఆమెకు నిజంగానే వినబడేది. ఆమె ఎందుకు దాచుకుంటోందో అడగకుండా, నిజాన్ని తీసుకెళ్లి ఎవరి చేతిలో పెట్టకూడదో వాళ్ల చేతిలో పెట్టాను. అడిగినదానికల్లా భర్తే జవాబు చెప్పడం, చిరిగిన కర్ణభేరికి పిన్నీసు కథ, నాటకమో కాదో తేల్చమన్న పట్టుదల, అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. నా అనుమానమంతా ఆమె మీద ఖర్చయిపోయి, అతని మీదికి మిగల్లేదు.

ఇప్పుడు ఏ పరీక్ష చేసినా తోడు వచ్చినవాళ్లను బయట కూర్చోబెడతాను. ఫలితం చేతికి రాగానే పేషెంటునే అడుగుతాను, ఇది ఎవరికి చెప్పమంటారు అని. చాలామంది నవ్వి, మా ఆయనకు చెప్పండి, మా అబ్బాయికి చెప్పండి అంటారు. ఎప్పుడో ఒకరు జవాబివ్వకుండా తలుపు వైపు చూస్తారు. అప్పుడు లేచి గడియ పెట్టి వస్తాను. తర్వాత నేనడిగే మొదటి ప్రశ్న, ఇంట్లో ఆయుధమేమైనా ఉందా అని.